ముగింపు నిల్వ

జూలై నెలాఖరు.
తాడిపత్రిలో పైన మబ్బు లేదు, కింద కరెంటు లేదు.
యూపీఎస్ నిమిషానికోసారి కీచుమంటుంటే
హిమబిందు పోర్టల్‌లో తిరిగే చక్రాన్ని చూస్తూ
తెలిసిన దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుస్తోంది.

మా ఊరి ఫైళ్ళు వేరు.
తెరిస్తే చేతికి తెల్లపొడి అంటుతుంది.
నాపరాయి కోసే ఊళ్ళో
బిల్లు పుస్తకాలకు కూడా పాలిష్ పడుతుంది.
ఇరవై రెండేళ్ళుగా ఆ పొడి దులిపి
లాభనష్టాలు తేలుస్తున్నాను.

ఆ మధ్యాహ్నం కుళ్ళాయప్ప వచ్చినాడు.
చెప్పులు మెట్ల కిందే విడిచి,
లుంగీ మడతలోంచి కాగితం తీసి,
"సామీ, పోస్టాయన ఇచ్చిపోయినాడు.
మా పాప చదివి ఏడుస్తాంది. నువ్వొక తూరి చూడు."

చూసినాను.
కుళ్ళాయప్ప అండ్ కో, స్లాబుల వ్యాపారం.
పోయినేడాది అమ్మకం రెండు కోట్ల పద్నాలుగు లక్షలు.
కట్టని పన్ను, దానిపైన వడ్డీ, ఆ పైన జరిమానా.
యజమాని ఫొటోలో ఇతనే,
సగం మూసిన కళ్ళతో.

"లోను ఇప్పిస్తామని
ఆధారూ పాన్‌కార్డూ తీసుకపోయినారు సామీ.
ఫోనుకు నంబరొస్తే చెప్పమన్న్యారు. చెప్పినా.
లోను రాలేదు.
ఐదు నూర్లిచ్చి టీ తాగమన్న్యారు."

నోటీసులో నాలుగో ప్రశ్న:
సంవత్సరాంతానికి మిగిలిన సరుకు ఎంత, ఎక్కడ?
పైకే చదివినాను, అలవాటు కొద్దీ.
అతను జవాబు చెప్పబోయి దగ్గినాడు.
పదిహేడేళ్ళు మిషను కాడ నిలబడినోడి దగ్గు,
అడుగున రాయి రాయిని ఒరుసుకునే దగ్గు.
హిమబిందు నీళ్ళ సీసా అందించింది.
నేను ఆ గడి ఖాళీగా వదిలేసినాను.

స్టేషన్లో ఏం రాసియ్యాలో,
పాన్ మీద ఇంకేమేమి తెరిచినారో ఎట్లా వెతకాలో
కూర్చోబెట్టి చెప్పినాను.
జిరాక్సు ఎవరికిచ్చినా అడ్డంగా గీత గీసి
ఎందుకిస్తున్నావో దానిమీదే రాయి, తేదీ వెయ్యి.
ఫోనుకొచ్చిన నంబరు దేవుడడిగినా చెప్పొద్దు.
నోటీసును ట్రంకు పెట్టెలో దాయొద్దు,
చీకట్లో పెడితే అది వడ్డీని పొదుగుతుంది.

ఇవన్నీ చెబుతున్న నోరు
కొన్నవాళ్ళ జాబితా దగ్గర ఆగిపోయింది.
ఒకే పేరు, పదకొండు బిల్లులు.
గిరిజా పాలిషర్స్, నంద్యాల రోడ్డు.
నా క్లయింటు. ఉగాదికి పంచె పంపే మనిషి.
ఆ పదకొండు బిల్లులూ ఈ వేళ్ళే ఎక్కించినాయి.
క్రెడిట్ సరిపోయిందా అని చూసినాను,
సరిపోయింది.
లారీ నంబరు ఉందా అని చూడలేదు.
పేరు చదివే ఉంటాను. కుళ్ళాయప్ప అంటే
ఈ జిల్లాలో వీధికొకడు గదా.

రాత్రి ఫోన్ చేసినాను.
"ఆ క్రెడిట్ వెనక్కి కట్టాల, వడ్డీతో."
అవతల టీవీ చప్పుడు. తర్వాత నవ్వు.
"నువ్వు లెక్కలు రాయి సామీ, కతలు కాదు.
ఊళ్ళో ఆడిటర్లకు కరువా?"
పొద్దున్నే గుమస్తా వచ్చి
ఏడేళ్ళ ఫైళ్ళు ఆటోలో వేసుకపోయినాడు.
నా సంతకాలూ ఆ ఆటోలోనే పోయినాయి.

మూడో రోజు కుళ్ళాయప్ప సంతకానికి వచ్చినాడు.
జవాబు ఏడు పేజీలు, పేజీకొక సంతకం.
పేరులో ళ్ళా దగ్గర ప్రతిసారీ ఆగి,
ఒత్తు పడిందో లేదో చూసుకొని
పెన్ను మళ్ళీ దించినాడు.
ఆరు అయినాక ఏడోది నా వైపు లాక్కున్నాను.
"అది నాది కాదా సామీ?"
"కాదప్పా. ఇది నేను పెట్టాల్సింది."

అతను కాసేపు నా చేతినే చూసి, గొంతు సవరించుకొని,
"మూడు దినాల కూలి పోయింది.
దాన్ని రాసేదానికి గడి ఏమన్నా ఉందా
ఆ ఫారంలో?"

కరెంటు వచ్చింది.
హిమబిందు స్క్రీను మీద
కిందిదాకా వెతికింది,
నిజంగానే.